పదకొండు అడుగులు

పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది.
తర్కం నేర్చుకునేవాళ్ల మొదటి పాఠం.
ఎట్నా పడమటి వాలులో పుట్టినవాళ్లకి
అది పాఠం కాదు, కిటికీ.

ఆ ఏప్రిల్లో కొండ పక్కటెముక దగ్గర చిట్లింది.
నా పని కొలవడం:
గంటకి ఎన్ని అడుగులు, ఎంత వేడి, ఎంత చిక్కదనం.
లావా పాకంలా పారుతుందనుకుంటారు. మా దగ్గరది అలా రాదు.
గాజుపెంకుల బండిని ఎవరో నిద్రమత్తులో తోస్తున్నట్టు
చప్పుడు చేసుకుంటూ వస్తుంది.
గురువారం తెల్లవారేసరికి చర్చిని తాకుతుందని
సంతకం పెట్టి ఇచ్చాను.
మేయరు ఆ కాగితాన్ని చర్చి తలుపుకే అతికించాడు.

బుధవారం రాత్రి కొయ్య మరియమ్మను బయటికి తీశారు.
ముక్కు మీద పగులు. చెదలు తిన్న మడమ.
ఆమెకి ఎనిమిది భుజాలు కావాలి.
రోసోలినో తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు,
ఏడే తేలాయి.
"నీకు భుజం ఉంది కదా" అంది తిండారా.
నమ్మకం ఉందా అని అడగలేదు.

కెమెరాని, చీకట్లో వేడిని చూసే కెమెరాని,
ఒక బండ మీద పెట్టి
మోతకర్ర కిందికి దూరాను.

ఇది మాత్రం చెప్పాలి: ఆమె బరువు.
సిద్ధాంతాల బరువు కాదు, అక్రోటు చెక్క బరువు,
మెడనరం మీద.
ముందు మనిషి తడబడితే నీ మోకాలికి తెలుస్తుంది.
వాళ్లు పాడుతున్నారు. నాకా మాటలు రావు.
ఊపిరి మాత్రం వాళ్లతో కలిసింది,
కలవకపోతే అందరం పడతాం.
ఎదురుగా ఎర్రటి గోడ. కనుబొమలు కమిలిన వాసన.
ఒకామె పరుగెత్తుకొచ్చి
మరియమ్మ కొంగుకి తడిగుడ్డ చుట్టింది.
అద్భుతాన్ని అడగడానికి వచ్చినవాళ్లే
బకెట్టుతో నీళ్లు కూడా తెచ్చుకున్నారు.
దీన్ని నేను ఏ నివేదికలోనూ రాయలేదు.

తెల్లవారింది.
ఆగింది.
చర్చి మెట్టుకి పదకొండు అడుగుల అవతల.

గంటలు మోగుతుండగానే లెక్క తిరగేశాను.
అర్ధరాత్రి దాటాక ఎగువన రెండో పగులు తెరుచుకుంది,
ధార అటు మళ్లింది, ఇటు సన్నగిల్లింది.
గ్రాఫులో శుభ్రంగా కనిపిస్తోంది.
కాకి వాలింది, తాటిపండు రాలింది.
కానీ అటు అంటే ఎటు?

తిండారా పిస్తాతోట వైపు.
తొంభై మూడు చెట్లు, చనిపోయిన మొగుడు అంటుకట్టినవి.
ఊరంతా వీధుల్లో ఏడుస్తూ నవ్వుతూ ఉంటే
ఆమె తోటగోడ మీద, మిగిలినంత మేర గోడ మీద, కూర్చుంది.
పక్కన కూర్చున్నాను.
గొంతులో ఒక వాదన సిద్ధంగా ఉంది, పదునుగా.
ఆ మెట్టుకున్న విలువ నీ చెట్లకి లేదా అని...

"నువ్వేమంటావో తెలుసు" అంది.
"ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కిటికీలో కూర్చున్నదాన్ని.
లెక్క తప్పింది. నాకు తెలీదా?"
"మరి వచ్చే ఏడు మోస్తావా?"
బూడిద పడిన చెప్పు దులుపుకుంది.
"నేను తప్పుకుంటే
నా వంతు బరువు మిగతావాళ్ల మీద పడదూ?"

ఇది జవాబు కాదు.
నేను అడిగింది దేవుడి గురించి, ఆమె చెప్పింది కర్ర గురించి.
అయినా నా వాదన నోట్లోనే చల్లారింది,
పైన నల్లపెంకు కట్టి, లోపల ఇంకా ఎర్రగా.

రాజధాని నుంచి వచ్చిన కుర్ర విలేకరి అడిగాడు:
మీలాంటి చదువుకున్నవాళ్లు కూడా...?
లేదు, అన్నాను. నమ్మను.
ప్రవాహం ఎక్కడో ఒకచోట ఆగాలి,
ఎక్కడ ఆగినా అక్కడివాళ్లు దానికి పేరు పెడతారు.
అతను రాసుకున్నాడు. నిజమే చెప్పాను.

కెమెరా ఆపడం మరిచిపోయానని
వారం తర్వాత తెలిసింది.
రాత్రంతా నడిచింది.
తెర మీద ఎనిమిది వెచ్చటి ముద్దలు ఊగుతూ,
వాటి పైన చల్లగా, నల్లగా, ఖాళీలా ఆమె.
బొమ్మ ఆపాను, పెద్దది చేశాను,
ఒక్కో ముద్ద వేడీ విడివిడిగా చదివాను.
అందులో నేను ఎవరో
పోల్చుకోలేకపోయాను.